సూర్యుడు ఎదురొచ్చిన తొవ్వ

"పోశన్న కాకా, రేపు నా ఫ్లైటు. మస్కట్ నుంచి హైదరాబాద్‌కు ఎంతసేపు పడ్తది?"

నా యాదిని నమ్ముకోకు సంతోషూ. విమానం రంగు అడిగితే ఇయ్యాల ఎర్ర అంట, రేపు నీలి అంట. గంటలు మాత్రం మర్వలే. ఎందుకు మర్వలేనో చెప్త, కూసో.

మా బిడ్డ లావణ్య పెండ్లి రెండేండ్ల కింద. ఇప్పుడు మస్కట్‌ల ఈ అల్ హైల్ రూముల ఏసీ గాలికి పంటున్నంగని, అప్పుడు నేను దుక్మ్ ఎడారి సైట్‌ల ఉంటి. టెంటు... కాదు, టెంటు గాదు, రేకుల క్యాంపు. వారం ముందే పోత అంటే ఫోర్మన్, "స్లాబు పొయ్యంగ మేస్త్రి కదుల్తడా?" అన్నడు. నిజమే గద, సగంల విడిచిపెడ్తే అతుకు పడ్తది, అతుకుల నుంచి నీళ్లు దిగుతయ్. పని అయ్యేదాకా ఉన్న. బయలెల్లేసరికి పెండ్లికి ఒక్క దినమే మిగిలింది.

దుక్మ్ నుంచి మస్కట్‌కు కంపెనీ బండిల ఏడు గంటలు. ఒకటే మట్టి, ఒకటే ఎండ, నడుమ నాలుగు ఒంటెలు. ఆ తర్వాత సముద్రం, రెండు వేల కిలోమీటర్ల పైన, మూడే గంటలు! మా తాత జగిత్యాల అంగడికి ఎడ్లబండి కడ్తే పోనొక పొద్దు, రానొక పొద్దు. నేను తిన్న అన్నం అరగకముందే సముద్రం దాటిన.

సగం తొవ్వల కిటికీ ఎర్రబడ్డది. మనం తూర్పుకు పోతుంటే సూర్యుడు చుట్టం తీరుగ ఎదురొస్తడు తమ్మీ. అంత జల్ది తెల్లారుడు నేను యాడ జూడలే. కూసున్నకాడనే చేతులు జోడిచ్చిన. ఆ వెలుగే నా గంటన్నరను మింగుతున్నదని అప్పుడు ఎరుక లేదు.

ఎట్లంటే, ఫోన్ల మా ఇంటామెకు చెప్పి ఉంటి: "మూడున్నరకు లేస్తది, ఆరున్నరకు దిగుత. ఆడికెల్లి అయిదు గంటల తొవ్వ, పదకొండున్నరకు పందిట్ల ఉంట. ముహూర్తం పన్నెండు దాటినంకనే గద. అల్లుని కాళ్లు కడిగేది మనమే." టికెట్ మీద దిగేది ఎనిమిదికని ఉండె. తప్పు కొట్టిండ్రనుకున్న, లెక్క తప్పని మేస్త్రిని గద నేను! గంటన్నర తేడా నాకు తెల్వదా? తొమ్మిదేండ్లు ఫోన్ జేసే ముంగట కలుపుకున్న. ఇక్కడ ఏడున్నరైతే అక్కడ తొమ్మిది, పిల్లలు పండుకుంటరు అని. మాటకు కలిపిన. మనిషికి గూడ కలపాల్నని తట్టలే.

ఒంటిగంటకు చేరిన. అప్పటికే నా తమ్ముడు, మరదలు పీటల మీద కూసొని కాళ్లు కడిగిండ్రు. మా ఇంటామె గుంజకు ఆనుకొని నిలబడ్డది. పిల్ల కండ్లు ఆఖరు దాకా దర్వాజ దిక్కే ఉండెనట.

ఈ ఖర్జూరాల డబ్బ లావణ్యకు ముట్టజెప్పు. ఎడారి ముచ్చట చెప్పు, సూర్యుని ముచ్చట చెప్పు. "బాపూ, ఎందుకు ఆలిశమైంది?" అంటే ఆనాడు "విమానం లేటు బిడ్డా" అన్న. ఎవలకు చెప్పినా, నా లెక్క తప్పిన సంగతి కావాలనే విడిచిపెట్టిన. అది నువ్వు చెప్పకు, నేనే చెప్పాలె. సల్లగుండు, పైలంగ పో. దిగంగనే గడియారం... కాదు కాదు, ఎక్కకముందే తిప్పుకో.