చల్లటి బల్బు లెక్క

అధ్యక్షులు, మన ప్రధానోపాధ్యాయులు రామేశ్వర్‌రావు గారికి, ఊరి పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, పిల్లలకు నమస్కారం.

ఈరోజు పొద్దున పదో తరగతికి ఒక పాఠం చెప్పాను. మధ్యాహ్నం ప్రయోగశాల బీరువా తాళాలు అప్పగించాను. సాయంత్రం మీరు శాలువా కప్పారు. ఉద్యోగం అయిపోయింది. కలిసినవాళ్లంతా ఒకటే అడిగారు, రేపటి నుంచి ఎక్కడుంటారని. అదిగో మొదటి వరుసలో మా చెల్లెలు సరళాదేవి, నన్ను కరీంనగర్ తీసుకుపోవడానికి వచ్చింది. రేపు పొద్దుటి బస్సుకు నా సామాను కట్టేసింది కూడా. "అన్నా, వదిన లేని ఇంట్ల ఒక్కనివి ఎట్లుంటవు?" అని ఎనిమిది నెలలుగా అడుగుతోంది. నేనూ ఉండలేననే అనుకున్నాను. ఆ సంగతికి వస్తాను. ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

మా వీధికి కరెంటు వచ్చిన ఏడు, నా భార్య రాధాబాయి వంటింటికి నూరు వాట్ల బల్బు తెప్పించింది. నేను సైన్సు మాస్టర్ని, కొలవకుండా పెట్టనిస్తానా? బడి నుంచి ఆరు వోల్టుల బ్యాటరీ, ఆంపియర్ మీటరు మోసుకుపోయి, పీట మీద పెట్టి కలిపితే పాయింటు పదిహేను ఆంపియర్లు చూపింది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం నలభై ఓములు. ఇంటికొచ్చే రెండువందల ముప్పై వోల్టులను ఆ నలభైతో భాగిస్తే ఐదు ముప్పావు ఆంపియర్లు. మళ్లీ వోల్టులతో గుణిస్తే పదమూడు వందల వాట్ల పైమాటే! బల్బు పట్టుకుని దేవదాసు దుకాణానికి పోయి, నూరని రాసి పదమూడు వందలది అమ్ముతావా అని బజారంతా వినేటట్టు అరిచాను. (నవ్వులు) నవ్వకు దేవదాసూ, "జర మెల్లగ సార్, గిరాకి పోతది" అని బతిమాలింది నువ్వే.

ఇంటికొచ్చి లెక్క చూపిస్తే, రాధాబాయి కాగితం చూడలేదు, బల్బును చూసింది.

"గిది కొలిచినప్పుడు వెలిగిందా?"

ఆరు వోల్టులకు ఏం వెలుగుతుంది, చల్లగానే ఉంది అన్నాను.

"పండుకున్నోని ఒళ్లు చూసి, ఉరికినప్పుడు ఎంత చెమట పడ్తదో చెప్తరా? వెలిగించి కొలువుండ్రి."

ఇంటి కరెంటును కొలిచే ఏసీ మీటరు తెచ్చి, వెలిగించి కొలిచాను. పాయింటు నలభైమూడు ఆంపియర్లు. గుణిస్తే నూరు వాట్లకు ఒకటి తక్కువ. తీగ కాగితే నిరోధం నలభై కాదు, ఐదువందల ముప్పై దాటింది. దేవదాసుకు క్షమాపణ చెప్పడానికి మాత్రం వారం పట్టింది. (నవ్వులు)

ఆ తర్వాత ప్రతి ఏడూ ఈ పాఠం చెప్పాను. నేనే కనిపెట్టానని చెప్పాను. ఇక్కడున్న వాళ్లలో సగం మంది అలాగే రాసుకున్నారు. అది కొట్టేయండి. రాధాబాయి కనిపెట్టింది. ఆమె ఉండగా ఈ మాట చెప్పవలసింది.

(మొదటి వరుస వైపు తిరిగి)

సరళా, ఇప్పుడు నీ ప్రశ్న. ఈ ఎనిమిది నెలలూ ఆ ఇంటికి నేను పడుకోవడానికే పోయాను. పగలంతా బడి, తిండి హోటల్లో. వంటింటి తలుపు తెరవనే లేదు. ఉండి చూడకుండానే ఉండలేనని తేల్చేశాను. ఇదీ చల్లటి బల్బు లెక్కే. సామాను విప్పు, కోపం చేయకు. నెల రోజులు ఉండి చూస్తాను. చేతకాకపోతే నేనే బస్సెక్కి వస్తాను.

"ఎసరు పెట్టుడు రాదు నీకు" అంటోందండీ. (నవ్వులు) రాదు.

ఇన్నేళ్లు నా లెక్కలు భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవిప్పించండి. రేపు పొద్దున వంటింటి తలుపు తీసి, అన్నం నేనే వండుకుంటాను.