ఓబులేసు ఎండపటం

వేంపల్లెలో మహానంది టీ అంగడి ముందర ఓబులేసు కోపంతో ఊగిపోతున్నాడు. కడపనుంచి వచ్చిన ఫోటోల ఆయన నిన్న నలుగురిలో "కెమెరా లేకుండా పటం తీస్తావా?" అని నవ్విపోయాడు. ఆ నవ్వు ఓబులేసుకు ఇంకా ఒంట్లో కారం రాసినట్టే ఉంది.

"వానికేం తెలుసప్పా! కాలువ ఆఫీసులో బంట్రోతుగా ఉన్నప్పుడు, ప్లాన్లకు నకళ్లు తీసే మందు కాగితం మీద వేపాకు పెట్టి ఎండలో ఉంచితి. నీళ్లలో కడిగితే ఏమొచ్చిందో తెలుసా? నీలం కాగితంలో తెల్లగా ఆకు!"

"అది నిజమేలే," అన్నాడు మహానంది టీ వడగడుతూ.

"లే అంటావేమప్పా? నిజమే అను! ఆ తర్వాత తేలును పెడితి. ఆ తేలు పటాన్ని తాకిన గుమాస్తాకు మోచేతి దాకా వాచింది."

"పటం కుట్టిందా?"

"కుట్టదా మళ్ల? అంత అచ్చంగా వచ్చింది! అంతటితో ఇడిస్తినా? పాలకొండ నీడ పడేచోట శెనక్కాయ చేనంత కాగితం పరిస్తి. కడిగేదానికి పెన్నేరే కావాల్సొచ్చింది, సిద్ధవటం దాకా ఏరు నీలంగా పారింది. పటంలో కొండ, కొండమీద చింతచెట్లు, చెట్లకు కాయలు! మా ఆడోళ్లు ఆ కాయలు కోసుకొచ్చి పులుసు పెట్టిరి!"

"పులుసు గూడా నీలంగా ఉన్నిందా?" అన్నాడు బెంచీమీది దావీదురాజు. అందరూ గొల్లుమన్నారు.

ఓబులేసు గ్లాసు ఠపీమని పెట్టాడు. "నవ్వండప్పా, నవ్వండి! కెమెరా అంటే ఏంది, పెట్టెడు చీకటి! నా కాడ సూర్యుడే ఉండాడు. ఏసన్న తల్లి చావుబతుకుల్లో మంచంలో ఉండాది, ఆమె పటం కావాలని ఏసన్నే ఆ కడపాయన్ను పిలిపించినాడంట. నేనుండగా వాడెవడు? గడప తొక్కనీకుండా తరిమేస్తి. ముసలామెను మంచంతోపాటే ఎండలోకి తెప్పించి తలకింద కాగితం పరిస్తి. కళ్లు, ముక్కు, ముక్కుపుడక... మాట్లాడినా మాట్లాడతాది ఆ పటం!"

అప్పుడే ఏసన్న రోడ్డువెంట వడివడిగా వచ్చాడు. చేతిలోని నీలం కాగితం బెంచీమీద పరిచాడు. మధ్యలో గుమ్మడికాయంత తెల్లటి మచ్చ. కన్ను లేదు, ముక్కు లేదు.

దావీదురాజు వంగి చూసి బెంచీమీంచి లేచాడు.

"ఎండ చాల్లేదు," ఓబులేసు గొంతు పెంచాడు. "ఇంకొంచేపు పెట్టింటే..."

"కడప బస్సుకు పోతాండా, ఆ ఫోటోలాయన కాళ్లమీద పడేదానికి. పోయొచ్చేదాకా అమ్మ ఉంటాదో లేదో. ఈ పటం చూసి ఏమడిగిందో తెలుసా ఓబులేసన్నా?" ఏసన్న ఆ తెల్లమచ్చ మీద వేలు పెట్టాడు. "'నేనప్పుడే పోయినానా నాయనా, నాకు మొగం లేదేమి?' అనింది."