మీటరు మాస్టారూ, నా చీపురూ

ఆ గాజుమూత డబ్బానా? మూలన పెట్టు తల్లీ, పగలగొట్టేవు. అది మీటరు మాస్టారిది, వెలుగు కొలిచే మీటరు. ఆయన బడిలో మాస్టారేం కాదు, ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు పాఠం మొదలెట్టేవాడు, అందుకని ఆ పేరు. సముద్రం గడ్డకట్టాక దాని కిందికి ఎంత వెలుగు దిగుతుందో కొలవడం ఆయన ఉద్యోగం. నవ్వుతావేం? మేమూ నవ్వాం. కింద చేపలేమైనా పుస్తకాలు చదువుకుంటాయా సార్ అని అడిగానొకసారి. దానికి గంటసేపు చెప్పాడు. మూరెడు గడ్డ దాటేసరికి వెలుగు దాదాపు సగమవుతుందట, ఇంకో మూరెడు దాటితే ఆ సగంలో సగం. లోపలి ఉప్పునీటి బొట్లూ గాలి బుడగలూ దాన్ని అటూ ఇటూ తోసేస్తాయట. "ఆ మిగిలినదాంతోనే కింద పాచి బతకాలోయ్. పాచి మీద చేపలు, చేపల మీద నువ్వు" అని ముక్కు ఎగబీల్చేవాడు. ఇక్కడ నా కాళ్లు కొయ్యబారిపోతుంటే ఈయనకి పాచి మీద బెంగ.

జాగ్రత్త అంటావో చాదస్తం అంటావో నీ ఇష్టం. ఆయన దగ్గర కూలికి గడ్డకి బొక్క కొట్టేది నేను. సరిగ్గా దాని కిందే మీటరు పెడితే బొక్కలోంచి పడే వెలుగు కలుస్తుందని, మోచెయ్యిలా మడిచే కర్ర చేయించి మీటరుని పక్కకి తోయించేవాడు. నా కోటు నీడ పడుతుందని నన్ను దూరం పొమ్మనేవాడు. ఇంత తెలివీ ఉండి నడవడం మాత్రం రాదు. మొదటి వారమే, గడ్డ మీద కురిసిన మంచు కింద కప్పబడిపోయిన తన మీటరు తీగే తన కాలికి తగిలి బోర్లా పడ్డాడు. మీటరు మాత్రం పైకెత్తి పట్టుకునే పడ్డాడులే. అప్పట్నించీ నేను పొద్దున్నే వెళ్లి ఆ చోటంతా మంచు ఊడ్చి పెట్టేవాణ్ని. ఆయన మధ్యాహ్నానికి వచ్చేవాడు. అలా మూడు చలికాలాలు. లెక్కలు అచ్చయ్యాయి. పెద్దాఫీసు వాళ్లు మెచ్చుకుని, ఇక నువ్వే అందరికీ పైవాడివి అన్నారు. నడక చూడాలి అప్పుడు.

అప్పుడే నేను జ్వరమొచ్చి వారం మంచమెక్కాను. ఎవరూ ఊడవలేదు. మీటరులో ముల్లు కదిలితే ఒట్టు. కొట్టాడట, ఊపాడట, మీటరు చేసినవాణ్ని తిట్టాడట. మర్నాడు బూట్లయినా విప్పకుండా మా ఇంట్లోకి వచ్చేశాడు. "అక్కడ మంచు నువ్వు ఊడుస్తావా?" "రోజూ సార్, మీరు పడిపోకుండా." "గాలికి ఎగిరిపోతోందనుకున్నానోయ్" అని నా మంచం మీద కూలబడ్డాడు. జానెడు మంచు ఆపేంత వెలుగుని మనిషెత్తు గడ్డ కూడా ఆపదట. ఊడ్చినచోట కొలిచి, సముద్రమంతా కింద ఇంతే వెలుగని రాశాడన్నమాట. మూడేళ్లూ నా చీపురుని కొలిచాడు మహానుభావుడు.

నా పని పోతుందని హడలి చచ్చాను. ముగ్గురు పిల్లలు, మీ అమ్మ అప్పటికి చంకలోనే ఉంది. ఆయన పెద్దాఫీసుకి రాసుకున్న కాగితం తర్వాత అక్కడి గుమస్తా చదివి వినిపించాడు. 'మంచు నేనే ఊడ్పించాను, తప్పు నాది' అని. ఆయనకి రాబోయే కుర్చీ పోయింది, ఉన్న ఉద్యోగమూ పోయింది. నా పని మాత్రం నిలిచింది. వెళ్లేరోజు ఈ డబ్బా నా చేతిలో పెట్టి, "వచ్చేవాణ్ని ఊడవకుండా కొలవమను" అన్నాడంతే. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను తల్లీ. చీకటి మాస్టారని పేరు పెట్టిందే నేను. ఊడవమని ఆయన ఎప్పుడు చెప్పాడు నాకు? ఒక్కరోజు కూడా...

సర్లే. ఆ కిటికీ వేసెయ్, చలిగాలి కొడుతోంది.