విరగని ట్యూబులు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు: నరసరావుపేట కాలేజీ ల్యాబు నుంచి అప్పుడే వచ్చిన కీర్తన, వసారాలో మిరపకాయలకు ముచ్చికలు తీస్తున్న నాయనమ్మ రాజమ్మ, బడిలో పిల్లలకు వండే పనికి నడుం నొప్పని సెలవు పెట్టి కొన్నాళ్ళుగా పక్కగదిలోనే ఉంటున్న అమ్మ సువార్తమ్మ.

"నిజం చెప్పు నాయనమ్మా. ఆ ఎనిమిది డబ్బాలూ ఎవరివి?"

"ఎనిమిది మందివి. మూతల మీద పేర్లు రాసింది నువ్వే గదే."

"పేర్లు నేనే రాశా. లోపలున్న మలం ఎవరిదీ అని."

"ఛీ! ఏం మాటలే అయ్యి? ముందు అన్నం తిను."

"తినను. సార్ నన్ను అందరి ముందూ నిలబెట్టాడు. ఎనిమిదీ ఒక్కలాగే వచ్చినయ్యి."

"వస్తే ఏంది? ఊళ్ళో అందరం తినేది ఆ గోంగూరే గదా."

"తిండి కాదు. పేగుల్లో కంటికి కనపడని బ్యాక్టీరియా ఉంటది. దాని ఎంజైము మన పైత్యరసాన్ని విడగొడతది. ఎంత విడగొడతదో మనిషి మనిషికీ మారుద్ది. మేం కొలిచేది అదే. ట్యూబులో పైత్యపు ఉప్పు కలిపితే కొందరిది పాలు విరిగినట్టు తెల్లగా అయిపోద్ది. కొందరిది కొంచెమే. మనూరివి ఎనిమిదీ మంచినీళ్ళు. ఒక్కటీ విరగలా."

"విరక్కపోతే మంచిదేగా!"

"నాయనమ్మా! ఒకళ్ళదే అన్నిట్లో నింపి తెచ్చావంటన్నారు. రేపు నిజం చెప్పకపోతే ఇంక ల్యాబుకి రావద్దన్నారు."

"మరేం చేస్తారే? రాఘవమ్మ సిగ్గన్నది. అలివేలమ్మ డబ్బా చూసి పరిగెత్తింది. అంతా ఖాళీయే తెచ్చి మన అరుగు మీద పెట్టిపోయారు."

"నువ్వు నింపావా?"

"నేనెందుకు నింపుతా?"

"మరి?"

"మీ అమ్మ. ఒట్టి డబ్బాలు తీసుకుపోతే పిల్ల పేరు పోద్దని."

"అమ్మా! విన్నావుగా? రేపు నాతో రా. నా తప్పు లేదని సార్‌కి ఒక్క మాట చెప్పు, చాలు."

"నేను రాను తల్లీ."

"ఎందుకు రావు?"

"నడుం..."

"ఆటోలో పోదాం. ఒక్క మాటే. అమ్మా, మరి నీదెందుకు విరగలేదు? గట్టి యాంటీబయాటిక్ వాడేవాళ్ళకే బ్యాక్టీరియా చచ్చి అట్టా వస్తదంట. నువ్వేం బిళ్ళలు వాడటంలా గదా?"

"బిళ్ళల సంగతి నీకెందుకే?"

"నాయనమ్మా, ఏం బిళ్ళలు?"

"నన్నడగమాకు."

"అమ్మా, నేను లోపలికొస్తన్నా."

"అక్కడే ఆగు! గడప దాటమాకు."

"ఎందుకు?"

"తెలిస్తే బడిలో వంట మాన్పిస్తారే. తగ్గినాక కూడా నా చేతి అన్నం పిల్లలకి పెట్టనీరు."

"ఏం తెలిస్తే? తలుపెందుకు మూస్తన్నావు? అమ్మా! గడియ తియ్యి!"

"టీబీ, బిడ్డా. రేపు సార్‌కి... ఆ డబ్బాలన్నీ నువ్వే నింపావని చెప్పు."