పక్క సీటు

లారీ గుద్దిన బస్సులోంచి బయటికి తీసిన పెద్దాయనకు కాలు విరిగింది. ఆసుపత్రిలో నర్సు కట్టు కడుతుంటే, వచ్చేవాళ్ళెవరూ లేకపోయినా ఆయన తలుపు వైపే చూస్తున్నాడు.

"ధైర్యంగా ఉండండి బాబాయ్. పిన్నిగారి కోసం ఇంకా వెతుకుతున్నారు."

"ఏ పిన్నిగారమ్మా?"

"మీ ఆవిడే. కిటికీ పక్క సీటు ఆవిడదని కండక్టరుతో మీరే చెప్పారట కదా. లారీ సరిగ్గా అక్కడే గుద్దింది. ఆ సీటు నుజ్జునుజ్జయింది."

ఆయన మంచం మీంచి లేవబోయాడు.

"వెతకొద్దని చెప్పు తల్లీ. ఆవిడ బస్సెక్కలేదు."

"మరి ఎక్కడున్నారు?"

"పోయి మూడేళ్ళయింది. ఎక్కడికెళ్ళినా పక్క సీట్లో తువ్వాలు వేసి, మా ఆవిడ వస్తోందని చెప్పడం అలవాటైపోయింది. అక్కడ ఇంకొకరు కూర్చుంటే చూడలేను."

నర్సు బయటికెళ్ళి ఫోన్ చేసి వచ్చింది. చీవాట్లు పెడుతుందనుకున్నాడు. ఆమె దుప్పటి సర్దింది.

"చాలాసేపు వెతికారా అమ్మా?"

"గంటన్నర. నలుగురు కలిసి, రేకులు కోసి మరీ వెతికారట."



"ఈ మూడేళ్ళలో దాని కోసం నేను కాక ఇంకొకరు వెతకడం ఇదే మొదటిసారమ్మా."