ఎలుగు మూపు మీద గడ్డ

తెల్లారేసరికి మందస కొండకింద జీడితోటలో తమ్ముడి శవానికి తువ్వాలు కప్పి, అతను చచ్చిన ఎలుగుబంటిని మళ్లీ గొడ్డలితో నరికాడు. బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

“సచ్చిపోనాది బావా, ఇంకాపు.”

“నా తమ్ముణ్ని సీరేసినాదిరా!”

“పనసపండు తింటన్నదాని జోలికి ఎందుకెల్లినారు?”

“తోటలోకొస్తే ఊరుకుంటామేటి?”

“కొండమీద అడివంతా నరికీసి మనమే జీడి ఏసినాం. అదెక్కడికెల్తాది?”

“ఎనకనుంచి నేనొక్కటేసినాను. అది ముందున్న తమ్ముడి మీద పడిపోనాది.”

“ఎక్కడేసినావు?”

“మూపు మీద. మసకలో గడ్డలాగ ఎత్తుగా కనబడినాది.”

“ఎలుగుకి గడ్డేటి బావా? పిల్లని ఈపుమీదే మోస్తాది.”

జీడాకుల్లో రెండు ముక్కలై పడున్న పిల్లను అప్పుడు చూశాడతను. గొడ్డలి చేజారింది.

“కొట్టింది నేను గదరా! మరి నన్నెందుకు ఒదిలీసినాది?”