జపమాలలో రెండో సగం

వేదిక మీదున్న మన విచారణ గురువులు ఫాదర్ బాలశౌరి గారికి, సిస్టర్లకు, మీర్‌పేట్ నుంచి నాగోల్ దాకా ప్రతి అక్టోబరు నెలా నన్ను ఇంటింటికీ పిలిచి జపమాల చెప్పించుకుని, ఆపైన మిర్చి బజ్జీలు పెట్టి పంపిన పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు, మొదటి వరుసలో కూర్చుని అప్పుడే "జల్ది కానియ్యి" అని సైగ చేస్తున్న నా భార్య లూర్దమ్మకు వందనాలు. (నవ్వులు)

శాలువా కప్పారు, దండ వేశారు, సంతోషం. ఇందాక ఫాదర్ గారు తమ గుంటూరు యాసలో "మత్తయి గారు గొప్ప ప్రార్థనాపరుడండీ, ఆయన జపమే భార్యని బతికించిందండీ" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విన్నప్పటి నుంచి నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కావడం లేదు. నేను మాటిమాటికీ తలుపు వైపు చూడటం మీరు గమనించే ఉంటారు. ఒక మనిషిని పిలిచాను. వస్తానన్నది. ఇంకా రాలేదు.

జపమాల నడిపించే పని ఈ మత్తయి ఎందుకు వదిలేస్తున్నాడని చాలామంది చాలా అనుకున్నారు. గొంతు పోయిందన్నారు కొందరు. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో కండక్టరుగా "ముందుకు జరగండి" అని అరిచి అరిచి రాటుదేలిన గొంతు ఇది, మైకు పాడైనా ఇది పాడు కాదు. ఫాదర్‌తో పడలేదన్నారు ఇంకొందరు. మా ఇద్దరికీ ఆవకాయలో కారం ఎంత ఉండాలన్న దగ్గర తప్ప ఎక్కడా పేచీ లేదు. (నవ్వులు) అసలు సంగతి వేరు. అది ఈ రోజు చెప్పకపోతే ఈ శాలువా నా భుజాల మీద నిలవదు.

మన జపమాల ఎట్లా నడుస్తుందో మీకు తెలుసు. నడిపించేవాడు "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదటి సగం చెప్తాడు. మిగతావాళ్లు "పరిశుద్ధ మరియమ్మా" అని రెండో సగం అందుకుంటారు. గుడిలో నేనే మొదలుపెట్టేవాణ్ని, ఇళ్లలో నేనే, మా ఇంట్లో అయితే చెప్పనే అక్కర్లేదు. లూర్దమ్మ ఒకసారి "నీకు సగం జపమే వస్తది పో" అని ఎగతాళి చేస్తే నవ్వేశాను.

పోయిన తపస్కాలంలో, అంటే ఈస్టరుకు ముందు ఉపవాసాల రోజుల్లో, లూర్దమ్మకు గుండె ఆపరేషన్ అయింది. మలక్‌పేట దగ్గర ఒక దవాఖానలో, ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఒక్కణ్నే కూర్చుని జపమాల తీశాను. మొదటి సగం చెప్పాను. ఆగాను. నాలుక కదలలేదు. అవతలి నుంచి జవాబు రావాలి కదా! మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అక్కడే ఆగాను. మీకు నవ్వొస్తుంది, ఆ రోజు నాకు చెమటలు పట్టాయి.

పక్కన ఒకామె కూర్చుని ఉంది. యాదలక్ష్మి, మీర్‌పేట్‌లో ఉంటుంది. ఆటో తిరగబడి వాళ్లాయన లోపల ఉన్నాడు. నన్నే చూస్తూ అడిగింది, "ఆగినవేంది అన్నా? యాది మరిచినవా?"

"తర్వాతి మాట అవతలోళ్లు అనాలె చెల్లె," అన్నాను.

"అవతల ఇంకెవరున్నరు? నేనున్న గద. చెప్పు, ఆ మాట నేనంట."

ఆమెకు నేర్పాలంటే ముందు నేను అనాలి. అన్నాను. "పాపాత్ములమైయుండెడు మా కొరకు ఇప్పుడును, మా మరణ సమయమందును ప్రార్థించండి." ఆమె ఒక్కొక్క ముక్కే అంటూ మధ్యలో అడిగింది, "పాపాత్ములంటే ఎవరన్నా?"

"మనమే," అన్నాను.

ఇన్నేళ్లూ మీరు ఆ మాట అంటుంటే నేను ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు కునుకు తీస్తున్నారు అని చూస్తూ నిలబడ్డాను. ఆ మాటలో నేనున్నానని ఆ బెంచీ మీదే తెలిసింది.

తలుపు దగ్గర ఎవరది? ఓ, మన సీతారాములా. భోజనాలు వచ్చాయా తమ్మీ? ఉండు, అయిపోవచ్చింది. (నవ్వులు)

ఆ సాయంత్రం మొదట నన్ను పిలిచారు. లూర్దమ్మ బతికింది. తర్వాత యాదలక్ష్మిని పిలిచారు. వాళ్లాయన దక్కలేదు. బయటికొచ్చి నా ముందు నిలబడి ఆమె ఒక్క మాట అడిగింది, "ఇద్దరం కలిసే ఆ జపం అన్నం గదన్నా? నీది వినవడ్డది, నాదెందుకు వినవడలే?"

గుడిలో నేను చెప్పే ఉపదేశం తరగతిలో పిల్లలు దేవుని గురించి ఏమడిగినా నా దగ్గర జవాబుండేది. అప్పుడు లేదు. ఇప్పుడూ లేదు. అందుకే ఫాదర్ గారూ, తప్పుగా అనుకోవద్దు, నా జపమే భార్యను బతికించిందని ఇంకెప్పుడూ అనకండి. ఆ మాట నిజమైతే యాదలక్ష్మి ముందు నేను తలెత్తలేను.

ఒకప్పుడు జపం ముగిస్తే నిమ్మళంగా నిద్రపట్టేది. ఇప్పుడు నిమ్మళం లేదు. దేవునితో కొట్లాడుతున్నాను. అలుగుతున్నాను, మళ్లీ నేనే పోయి పలకరిస్తున్నాను. కానీ ఆయనతో నిజంగా మాట్లాడటం ఇప్పుడే మొదలైందనిపిస్తోంది. భయంగానూ ఉంది, వదిలిపెట్టబుద్ధీ కావడం లేదు.

అదిగో, వచ్చింది. రా చెల్లె, లోపలికి రా. సిస్టర్, ఆ చివరి వరుసలో కూర్చోబెట్టండి. ఆమె యాదగిరి నరసింహస్వామికి మొక్కే మనిషి. ఆమె మొక్కు ఆమెది, దయచేసి ఎవరూ ఆమె చేతిలో కరపత్రాలు పెట్టకండి. (నవ్వులు) నేను పిలిస్తే నా కోసం వచ్చింది, అంతే.

సాధనమ్మా, ఇక ఈ మైకు నీది. కొత్తపేట బట్టల షాపులో పొద్దంతా నిలబడి వచ్చి కూడా జపానికి ముందుండే పిల్లవు, నీకంటే తగినవాళ్లు లేరు. భోజనాలకు ముందు ఒక్క పది పూసలు చెప్పు బిడ్డా. మొదటి సగం నువ్వు చెప్పు. యాదలక్ష్మి పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. నేను పోయి అక్కడ కూర్చుంటాను. ఆమె అడిగినదానికి జవాబు చెప్పలేను కానీ, ఆమె పక్కన కూర్చుని ఆ రెండో సగం అనగలను.

ఇన్నాళ్లు నాకు జవాబిచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక మొదలుపెట్టు తల్లీ. నాకు సెలవు.